మూడంగుళాల ఎత్తు, మూడు డిగ్రీల వంకర

అరవై అయిదు దాకా బండి బుద్ధిగా ఉండేది. ముల్లు డెబ్బై తాకేసరికి, తుమ్మెదని డబ్బాలో పెట్టి మూత బిగించినట్టు సీటు కింద ఒక గుంయ్‌మనే మోత మొదలయ్యేది. ఎనభైకి వెళ్తే పక్క అద్దంలో వెనక వచ్చే లారీ రెండు లారీలయ్యేది. క్లచ్ తొక్కి న్యూట్రల్లో పెట్టి చూశాను. మోత పోలేదు. ఇంజన్ తప్పు అయితే న్యూట్రల్లో పోవాలి, కాబట్టి ఇంజన్ కాదు. టైర్లు బ్యాలెన్స్ చేయించాను. అదీ దండగే.

బండి సెకండ్‌హ్యాండ్ జిప్సీ. పాడేరు పైన మన్యం రోడ్లలో పొట్ట తగలకుండా వెళ్ళాలని, కొన్న మూడో నెలలో దాన్ని మూడంగుళాలు ఎత్తించాను. ఎత్తించడం అంటే పెద్ద కిట్టేమీ కొనలేదు. కమాను పట్టీల వంపు పెంచి రెండంగుళాలు సంపాదించాం. కమాను కట్ట చివర వేలాడే షాకిల్ ముక్కల్ని రెండంగుళాలు పొడుగ్గా చేయించి మరో అంగుళం. రెండంగుళాలు పెంచితే అంగుళమే ఎందుకొచ్చిందంటే, కట్టకి ఒక కొసే దిగింది, రెండోది ఉన్నచోటే ఉంది. ఇరుసు మధ్యలో ఉంటుంది కాబట్టి దానికి సగమే దక్కుతుంది. అంతా కలిపి ఒక కొత్త టైరు ఖరీదులో సగం కూడా కాలేదు. ఆ సంబరం వారం రోజులు.

ఇక్కడొక మాట ముందే చెప్పాలి. చాలామంది దీన్ని బండి ఎత్తించాకే తెలుసుకుంటారు, నేనూ అంతే. బండిని ఎంత ఎత్తించినా వెనక డిఫరెన్షియల్ గుండు కింద జాగా ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. ఆ గుండు ఇరుసుకి అతుక్కుని ఉంటుంది, ఇరుసు చక్రాల మీద ఉంటుంది, చక్రం ఎంతుందో గుండు ఎత్తు అంతే. ఎత్తు పెరిగేది ఛాసిస్‌కీ బాడీకీ మాత్రమే. గుండుని పైకి లేపాలంటే పెద్ద టైరు వెయ్యాలి. టైరు వ్యాసం రెండంగుళాలు పెరిగితే గుండు అంగుళం లేస్తుంది. బండి ఎత్తించేది నిజానికి ఆ పెద్ద టైరు మడ్‌గార్డుకి తగలకుండా తిరగడానికి. అంటే మనం చేసే పని బాడీని ఇరుసు నుంచి దూరం జరపడం. ఆ రెండింటినీ కలిపే భాగాలన్నీ దాని ఫలితం అనుభవిస్తాయి. బ్రేకు గొట్టాలు సాగుతాయి, స్టీరింగ్ రాడ్డు ఏటవాలుగా అవుతుంది. కానీ అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది, నిమిషానికి రెండువేలకి పైగా చుట్లు తిరుగుతూ బలాన్ని చేరవేసే ఇనప గొట్టం. మెకానిక్కులు ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటారు. మనం షాఫ్టు అనుకుందాం.

ఫోర్ వీల్ బండికి గేరుబాక్సు తరవాత ట్రాన్స్‌ఫర్ కేసు అని మరో పెట్టె ఉంటుంది. అక్కడి నుంచి ఒక షాఫ్టు ముందు ఇరుసుకి, ఒకటి వెనక ఇరుసుకి వెళ్తాయి. జిప్సీలో ఆ పెట్టె గేరుబాక్సుని అంటుకుని ఉండదు. విడిగా, బండి నడుం దగ్గర రబ్బర్ల మీద కూర్చుంటుంది. రెండు పెట్టెల మధ్య ఇంకో పొట్టి షాఫ్టు. మొత్తం మూడు.

షాఫ్టుకి ఒక కొస ఛాసిస్ మీదుంది, అది కదలదు. రెండో కొస ఇరుసు మీదుంది, గుంత వచ్చినప్పుడల్లా లేచి పడుతుంది. అందుకే రెండు కొసల్లోనూ మడతపడే కీలు ఉండాలి. ఆ కీలే యూజే క్రాస్. షాఫ్టుకి ఒక పంగ, ఎదుటి ముక్కకి ఒక పంగ. ఉండేలు పంగలాంటివే, కాకపోతే ఒకదానికొకటి అడ్డంగా తిరిగి ఉంటాయి. రెండింటినీ కలుపుతూ నడుమ ప్లస్ గుర్తు ఆకారంలో ఉక్కు క్రాస్. దాని నాలుగు చేతులకీ నాలుగు చిన్న గిన్నెలు, ఒక్కో గిన్నె లోపల సూదుల్లాంటి సన్నటి రోలర్లు వరసగా పేర్చి ఉంటాయి.

ఈ కీలు వయసు చాలా పెద్దది. ఇటలీ వైద్యుడు, గణిత పండితుడు జెరోలమో కర్డానో 16వ శతాబ్దంలో ఇలాంటి వేలాడే వలయాల గురించి రాశాడు. ఆయన పేరుమీదే యూరప్‌లో ఈ షాఫ్టుని కార్డాన్ అంటారు. ఇంగ్లండులో రాబర్ట్ హుక్, మనం స్కూల్లో స్ప్రింగు సూత్రంలో చదువుకున్న ఆ హుక్కే, 1676లో వేసిన ఒక చిన్న పుస్తకంలో దీన్ని వర్ణించాడు. ఆయనకి బండ్లతో పనిలేదు. సూర్యుణ్ణి చూసే పరికరాలు తిప్పుకోవడానికి కావలసి వచ్చింది. ఈ కీలుకి ఒక వింత గుణముందని కూడా ఆయనకి తెలుసు: ఇటు సమానంగా తిప్పితే అటు సమానంగా తిరగదు. దాన్ని లోపంగా చూసి వదిలెయ్యకుండా, నీడగడియారంలో నీడ కూడా ఇలాగే అసమానంగా నడుస్తుంది కదా, ఈ కీలుతోనే దాన్ని అనుకరించవచ్చు అన్నాడు. నా జిప్సీ కింద మూలిగింది ఆ గుణమే.

నీడగడియారం సంగతి కాస్త నిలబడి చూడాలి. అన్నవరం కొండ మీద నీడగడియారం చూసిన వాళ్ళకి దీని రుచి తెలుస్తుంది. అన్నవరం అక్షాంశం సుమారు 17.3 డిగ్రీలు. ఆ ఊళ్ళో నేలమీద పడుకోబెట్టిన పలకమీద గంటల గీతలు గీద్దాం. మధ్యాహ్నం పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య నీడ నాలుగున్నర డిగ్రీలే జరుగుతుంది. అయిదుకీ ఆరుకీ మధ్య నలభై రెండు డిగ్రీలు పరిగెడుతుంది. సూర్యుడు మాత్రం గంటకి సరిగ్గా పదిహేను డిగ్రీల చొప్పునే నడిచాడు. నడక సమానమే, నీడ పడే పలక సూర్యుడు తిరిగే చక్రానికి వాలుగా ఉంది. అంతే తేడా.

ఇంట్లోనే చూడొచ్చు. ఒక గాజు తీసుకుని గడియారంలా పన్నెండు చోట్ల నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టండి. పైనుంచి టార్చి వేసి, కింద తెల్లకాగితం మీద నీడ పడనివ్వండి. గాజు కాగితానికి సమాంతరంగా ఉంటే నీడ గుండ్రం, చుక్కలు సమదూరం. ముప్పై డిగ్రీలు వాల్చండి. నీడ కోడిగుడ్డులా అవుతుంది. ఇప్పుడు మధ్య నుంచి ఒక్కో చుక్క నీడకీ గీత గీసి కోణాలు కొలవండి. గుడ్డు పొడుగు కొసల దగ్గర రెండు చుక్కల మధ్య ఇరవై ఆరున్నర డిగ్రీలు వస్తుంది. నడుం దగ్గర ముప్పై మూడు దాటుతుంది. గాజు మీద అన్నీ ముప్పైలే.

ఒక పంగ చివరలు గాజులా ఒక చక్రం గీస్తూ తిరుగుతాయి. రెండో షాఫ్టు వైపు నుంచి చూస్తే ఆ చక్రం వాలిన చక్రం. అందుకే రెండో షాఫ్టు ఒక్కో చుట్టులో రెండుసార్లు తొందరపడి రెండుసార్లు తాపీగా తిరుగుతుంది. చుట్టు పూర్తయ్యేసరికి లెక్క సరిపోతుంది, మధ్యలోనే ఈ తడబాటు. ఎంత తడబాటు అన్నది వాలు కోణం చెబుతుంది. మూడు డిగ్రీలకి నూటికి 0.14 వంతు, కనిపించదు. పది డిగ్రీలకి ఒకటిన్నర వంతు. ఇరవైకి ఆరు వంతులు. ముప్పైకి దాదాపు పదిహేను. కోణం మూడింతలైతే తడబాటు సుమారు తొమ్మిదింతలవుతుంది, వర్గం లెక్కన పెరుగుతుంది. బండి ఎత్తించేవాడు గుర్తుపెట్టుకోవలసిన గణితం ఇది ఒక్కటే. అంగుళాలు మనం కూడికల్లో పెంచుతాం, వణుకు వర్గాల్లో పెరుగుతుంది.

నా బండి కొలతల్ని గుండ్రని అంకెల్లో వేసుకుందాం. ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి వెనక డిఫరెన్షియల్ మూతికి అడ్డంగా దూరం 900 మిల్లీమీటర్లు. మూతి 150 మిల్లీమీటర్లు కిందగా ఉంది. ఇదొక త్రికోణం. షాఫ్టు దాని ఏటవాలు భుజం. దాని వాలు తొమ్మిదిన్నర డిగ్రీలు. మూడంగుళాలు ఎత్తిస్తే కింద భుజం అంతే ఉంటుంది, నిలువు భుజం 150 నుంచి 225 అవుతుంది. వాలు పద్నాలుగు డిగ్రీలు. తొమ్మిదిన్నర వర్గం తొంభై, పద్నాలుగు వర్గం నూట తొంభై ఆరు. కోణం సగం పెరిగింది, షాఫ్టు తడబాటు రెండింతలు దాటింది. అదే 600 మిల్లీమీటర్ల పొట్టి షాఫ్టయితే పద్నాలుగు నుంచి ఇరవైన్నరకి దూకేది. 1200 పొడుగు షాఫ్టయితే ఏడు నుంచి పదిన్నరకే. లాంగ్ ఛాసిస్ పికప్ వాడు నాలుగంగుళాలు ఎత్తించి హాయిగా తిరుగుతుంటే, పొట్టి జీపు వాడు రెండంగుళాలకే మూలగడంలో వింతేమీ లేదు. అమెరికాలో 1997 నుంచి 2006 దాకా వచ్చిన జీప్ రాంగ్లర్‌ది ఈ రెండో రకం బాధ. దాని వెనక షాఫ్టు మరీ పొట్టిది. పైగా మామూలు మోడళ్ళలో షాఫ్టు కొస ట్రాన్స్‌ఫర్ కేసులోకి దూరి లోపలికీ బయటికీ జారుతుంటుంది. వాటిని ఎత్తించినవాళ్ళు ఆ జారే కొసని తీసేసి, బోల్టులతో బిగించే కొస వేసుకుంటారు. అలా మిగిలిన జాగాలో కాస్త పొడుగు షాఫ్టు పెడతారు. 2003లో వచ్చిన రూబికాన్‌కి కంపెనీయే బోల్టుల కొస ఇచ్చింది.

సరే, ఒక కీలు తడబడుతుంది. అయితే మామూలు బండ్లు ఎందుకు వణకవు? రెండో కొసలో ఇంకో కీలు ఉంది కనుక. మొదటి కీలు తొందరపెట్టిన చోట రెండోది తాపీగా తిరిగితే, చివరికి చేరే నడక సమానమవుతుంది. నడుమ షాఫ్టు మాత్రం తడబడుతూనే ఉంటుంది, దాని ఖర్మ దానిది. రెండో కీలుతో ఈ తడబాటు తీర్చవచ్చని కూడా హుక్‌కే తట్టింది. దీనికి రెండు షరతులు. షాఫ్టు రెండు కొసల పంగలూ ఒకే వరసలో ఉండాలి. రెండు కీళ్ళ దగ్గరా కోణం ఒకటే కావాలి. ట్రాన్స్‌ఫర్ కేసు కొస, డిఫరెన్షియల్ మూతి ఒకదానికొకటి సమాంతరంగా ఉంటే రెండో షరతు దానంతటదే తీరుతుంది.

మొదటి షరతు తప్పడం చాలా తేలిక. షాఫ్టు మధ్యలో పళ్ళతో జారే జాయింటు ఉంటుంది. గ్రీజు పెట్టడానికి దాన్ని లాగి, మళ్ళీ దూర్చేటప్పుడు ఒకటి రెండు పళ్ళు అటూ ఇటూ పడితే పంగలు వరస తప్పుతాయి. కొత్త మెకానిక్ చేతుల్లో ఇది రోజూ జరుగుతుంది. విప్పే ముందు రెండు ముక్కల మీదా కలిపి ఉలితో ఒక గీత, లేదా కాస్త పెయింటు చుక్క. అంతకంటే చవకైన భాగం బండిలో ఇంకోటి లేదు.

నా బండికి తప్పింది రెండో షరతు. అది తెలిసింది విజయవాడ ఆటోనగర్లో ఒక లేత్ షాపులో. అక్కడి పెద్ద టర్నరుకి అరవై దాటాయి. నేను మోత గురించి అయిదు నిమిషాలు వర్ణించాను. ఆయన విన్నాడో లేదో తెలీదు. బండి కింద అట్ట పరుచుకుని దూరాడు. షాఫ్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. టిక్కుమంది.

"ఎర్రపొడి వచ్చింది చూడు బాబూ," అన్నాడు.

నేనూ పక్కన దూరాను. వెనక క్రాస్ గిన్నె అంచు చుట్టూ కుంకంలాంటి పొడి. గ్రీజు అయిపోయిన బేరింగులో ఉక్కు ఉక్కుతో రాసుకుని తుప్పు పట్టినప్పుడు రాలే పొడి అది. అక్కడే లాకులు తీసి, సుత్తితో తట్టి క్రాస్ బయటికి లాగాడు. గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టి, "గోరుతో గీకు" అన్నాడు. నున్నగా ఉండాల్సిన క్రాస్ చేతి మీద నా గోరు టకటకమని పడుతూ లేచింది. దువ్వెన పళ్ళలా సన్నటి గీతలు, ఒక్కో సూది రోలరుకి ఒక్కో గీత. రోలరు నిండా చుట్టూ దొర్లదు. ఆ కాస్త కోణంలో ముందుకీ వెనక్కీ ఊగుతుంది. బరువు పెరిగి గ్రీజు తగ్గితే ఉన్నచోటే గుంట తవ్వుకుంటుంది. కోణం పెరిగితే ఊపు పెరిగి అరుగుదల పెరుగుతుంది. కోణం రెట్టింపైతే బేరింగు ఆయుష్షు సుమారు సగం అన్నది డిజైన్ ఇంజినీర్లు వాడే లెక్క. అసలు కోణమే లేకపోయినా ప్రమాదమే. రోలర్లు ఊగవు, గ్రీజు కదలదు, ఒక్కచోటే నొక్కుకుని గుంటపడుతుంది. అందుకని కంపెనీలే షాఫ్టుని తీగలా తిన్నగా పెట్టవు, ఎంతో కొంత వాలు ఉంచుతాయి.

క్రాస్ మార్చితే టిక్కు పోతుంది, మోత పోదు అని ఆయనే చెప్పాడు. "మూతి పైకి చూస్తోంది" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఫోన్ తియ్యమన్నాడు. ఇప్పుడు ప్రతి ఫోన్లోనూ వాలు కొలిచే ఆప్ ఉంది కదా. ఫోను అంచుని ట్రాన్స్‌ఫర్ కేసు కొస మీద, తరవాత షాఫ్టు గొట్టం మీద, తరవాత డిఫరెన్షియల్ మూతి మీద ఆనించి మూడు అంకెలు రాసుకున్నాం. బండి సమతలం మీద, నాలుగు చక్రాలూ నేల మీద ఉండగానే కొలవాలి. జాకీ మీద కొలిస్తే ఇరుసు వేలాడి అంకెలు అబద్ధం చెబుతాయి. అంకెల తేడాలు తీస్తే ముందు కీలు దగ్గర పద్నాలుగు డిగ్రీలు, వెనక కీలు దగ్గర పదకొండు.

ఆ మూడు డిగ్రీలు నా పొడుగు షాకిళ్ళ పుణ్యం. కమాను కట్టకి ముందు కన్ను ఛాసిస్‌కి బిగించి ఉంటుంది, వెనక కన్నుకే షాకిల్. షాకిల్ రెండంగుళాలు పొడుగైతే కట్ట వెనక కొస కిందికి దిగి, కట్ట మొత్తం ఉయ్యాల బల్లలా వాలుతుంది. మీటరు పొడుగు కట్టకి 50 మిల్లీమీటర్ల దింపు అంటే దాదాపు మూడు డిగ్రీలు. కట్టకి యూ బోల్టులతో బిగించిన ఇరుసు కూడా అంతే తిరిగింది. దాని మూతి షాఫ్టు వైపు, అంటే పైకి లేచింది. వెనక కీలు కోణం పద్నాలుగు నుంచి పదకొండుకి తగ్గింది.

తగ్గితే మంచిదే కదా అనిపిస్తుంది. అక్కడే ఉంది కిటుకు. వెనక కీలు విడిగా సుఖపడింది, జత చెడిపోయింది. రెండు కీళ్ళ తడబాటూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి. కొట్టేసుకోగా మిగిలేది కోణాల తేడా అనుకుంటే పొరపాటు, కోణాల వర్గాల తేడా. పద్నాలుగు వర్గం 196, పదకొండు వర్గం 121. తేడా 75. దాని వర్గమూలం 8.7. అంటే నా బండి రెండో కీలు లేకుండా, 8.7 డిగ్రీల వాలున్న ఒంటి కీలుతో నడుస్తున్నట్టు లెక్క. డిజైన్ ఇంజినీర్లు ఈ మిగులుని మూడు డిగ్రీల లోపు ఉంచాలని చూస్తారు. అదే మూడు డిగ్రీల తప్పు ఎత్తించని బండిలో, తొమ్మిదిన్నర దగ్గర జరిగితే మిగులు 6.9 డిగ్రీలే. కోణాలు పెరిగిన బండిలో చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది.

ఇక ఆ తుమ్మెద స్వరం. టైరు చుట్టుకొలత 2.1 మీటర్లు, డిఫరెన్షియల్ నిష్పత్తి నాలుగు అనుకుంటే, డెబ్బై కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకి తొమ్మిది చుట్లు, షాఫ్టు ముప్పై ఏడు చుట్లు. చుట్టుకి రెండు తడబాట్లు, సెకనుకి డెబ్బై నాలుగు. చక్రం తప్పయితే సెకనుకి తొమ్మిది కుదుపులు, స్టీరింగు చేతికి తెలిసేలా ఊగుతుంది. డెబ్బై నాలుగు ఊగులాట కాదు, చెవికి వినిపించే గుంయ్. ఊగుతోందా, మూలుగుతోందా అని అడిగితే చాలు, టైర్ల బ్యాలెన్సింగుకి పెట్టిన డబ్బు నాకు మిగిలేది. అరవై అయిదు దాకా ఎందుకు తెలియలేదంటే, ఈ కుదుపు బలం వేగం వర్గంతో కూడా పెరుగుతుంది. నలభైలో ఉన్న కుదుపు ఎనభైకి నాలుగింతలు. మన్యం ఘాట్లో ఇరవైలో నడిచే జీపు ఇదే వంకర పెట్టుకుని ఏళ్ళ తరబడి బతికేస్తుంది. హైవే ఎక్కిన రోజే బయటపడుతుంది. ముందు షాఫ్టుకి ఈ విషయంలో అదృష్టం ఎక్కువ. ఫ్రీవీల్ హబ్బులున్న బండిలో హబ్బులు వదిలేసి టూ వీల్లో వెళ్తే అది అసలు తిరగదు. దానికి పెద్ద కోణమున్నా తారురోడ్డు మీద క్షమించేయొచ్చు.

చవకలో ఏం చెయ్యొచ్చు? టర్నరు మూడు దారులు చెప్పాడు. కమాను కట్టకీ ఇరుసుకీ మధ్య మూడు డిగ్రీల ఇనప చీలిక దూర్చి మూతిని కిందికి దించడం ఒకటి. చీలిక అంటే తలుపు కింద పెట్టే చెక్కముక్కలాంటిదే, ఒక అంచు మందం, ఒక అంచు పల్చన. అల్యూమినియం చీలికలూ దొరుకుతాయి కానీ, బరువుకి నలిగి పగులుతాయి. అవి వద్దు, ఉక్కువే పెట్టాలి. రెండోది ట్రాన్స్‌ఫర్ కేసుని అంగుళం కిందికి దించడం. నిలువు భుజం 225 నుంచి 200కి తగ్గి వాలు పన్నెండున్నరకి వస్తుంది. కానీ జిప్సీలో ఆ పెట్టెకి గేరుబాక్సు నుంచి వచ్చే పొట్టి షాఫ్టు ఉంది కదా, ఇక్కడ తగ్గించిన కోణం అక్కడ మొలుస్తుంది. పైగా రాళ్ళు తగలకూడదని ఎత్తించిన పొట్టని మనమే మళ్ళీ దించినట్టు. మూడోది ముందు కొసలో జంట క్రాస్ ఉన్న షాఫ్టు. రెండు కీళ్ళు పక్కపక్కనే ఉండి కోణాన్ని చెరిసగం పంచుకుని అక్కడికక్కడే తడబాటు తీర్చుకుంటాయి. అప్పుడు వెనక మూతి తిన్నగా షాఫ్టు వైపే చూడాలి. శ్రేష్ఠమైన దారి అదే. దాని ఖర్చు వింటే నా ఎత్తింపు మొత్తం చిల్లర అనిపించింది.

నాలుగో దారి ఒకటుందని, దాన్ని ఎవరూ ఇష్టపడరని కూడా ఆయనే అన్నాడు. దాని సంగతి తరవాత.

పొడుగు విషయం ఇంకా చెప్పలేదు. ఏటవాలు భుజం వాలడంతో పాటు పొడుగూ పెరిగింది, 912 మిల్లీమీటర్ల నుంచి 928కి. పదహారు మిల్లీమీటర్లు ఏపాటి అనిపిస్తుంది. ఆ సాగుడు జారే జాయింటు పళ్ళలోంచి రావాలి. బండి గుంతలో పడి వెనక ఇరుసు వేలాడినప్పుడు ఇంకో మూడంగుళాలు దిగుతుందనుకోండి. నిలువు భుజం 300, పొడుగు 949, వాలు పద్దెనిమిదిన్నర. అంటే కంపెనీ కొలత కంటే ముప్పై ఏడు మిల్లీమీటర్లు బయటికి. పళ్ళు కనీసం షాఫ్టు మందమంత లోతుకి దూరి ఉండాలని వాడుక లెక్క. అంతకంటే తక్కువైతే పట్టంతా నాలుగు పళ్ళ కొసల మీద పడుతుంది. తేల్చుకోవడానికి ఖర్చేమీ లేదు. జారే భాగం మీద వేలితో పల్చగా గ్రీజు రాసి, పది కిలోమీటర్లు గతుకుల్లో తిరిగి వచ్చి చూడండి. ఎంతవరకు గ్రీజు తుడుచుకుపోయిందో షాఫ్టు అంతవరకు లోపలికీ బయటికీ తిరిగింది.

పళ్ళు చాలకపోతే జిప్సీ వాళ్ళు చేసే చవక వైద్యం స్పేసరు. షాఫ్టు కొస ఫ్లాంజికీ డిఫరెన్షియల్ ఫ్లాంజికీ మధ్య రూపాయి బిళ్ళలాంటి మందపాటి ఉక్కు బిళ్ళ పెట్టి, పొడుగు బోల్టులు వెయ్యడం. బోల్టులు హైటెన్సిల్‌వే కావాలి, తల మీద 10.9 అని ఉండేవి. నాకు ఈ వైద్యం మీద కోపం లేదు, దాని మీద ఉన్న భ్రమ మీదే. స్పేసరు పొడుగు ఇస్తుంది, కోణం తగ్గించదు. మోతకని స్పేసరు వేయించుకునేవాడు కడుపునొప్పికి కళ్ళజోడు కొన్నట్టే. షాఫ్టు గొట్టాన్ని కోసి మధ్యలో ముక్క అతికించడం అన్నిటికంటే నాజూకైన పని. లేత్ మీద తిన్నదనం చూసి, తరవాత బ్యాలెన్స్ చేయించే చోటే చేయించాలి. రోడ్డుపక్క వెల్డింగ్ షాపులో వద్దు.

జాకీ మీద కొలవొద్దన్నాను కానీ, ఒక పరీక్షకి మాత్రం జాకీ తప్పదు. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలకి రాళ్ళు వేసి, వెనక ఇరుసుని పూర్తిగా వేలాడనిచ్చి షాఫ్టుని చేత్తో ఒక చుట్టు తిప్పాలి. ఎక్కడైనా పంగ చెవి ఎదుటి పంగకి తగిలి ఆగితే, ఆ బండి గుంతలో పడ్డ రోజు క్రాస్ విరుగుతుంది. మామూలు కీళ్ళు పాతిక, ముప్పై డిగ్రీల దగ్గర ఇలా తగలడం మొదలుపెడతాయి. జిప్సీలో కంపెనీ కమాను కట్టని ఇరుసు కింద పెట్టింది. దాన్ని ఇరుసు పైకి మార్చి ఒక్క దెబ్బతో అయిదారంగుళాలు ఎత్తించేవాళ్ళున్నారు, ఈ పరీక్ష వాళ్ళకి మరీ ముఖ్యం. ముందు కీలు విరిగితే షాఫ్టు ఆ కొసతో రోడ్డులో దిగబడుతుంది. అరవైలో వెళ్తున్న బండిని అది గెడ కర్రతో ఎగిరినట్టు లేపగలదు. ఛాసిస్‌కి అడ్డంగా, షాఫ్టు ముందు కొస కింద ఒక ఇనప పట్టీ వెల్డింగ్ చేయించడం వంద రకాల తళుకుల కంటే విలువైన పని.

చట్టం సంగతి రెండు వాక్యాల్లో: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని గట్టిగానే కట్టడి చేస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట నొక్కి చెప్పింది. నా ఎత్తింపుని చూసి ఎవరూ అదే చెయ్యనక్కర్లేదు.

నాలుగో దారి ఏమిటంటే, ఎత్తు తగ్గించుకోవడం. టర్నరు అన్నది ఇంతే: "ఆ అంగుళం ఎందుకు బాబూ నీకు? టైరు ఎక్కడైనా రాస్తోందా?" రాయడం లేదు. నా టైరుకి రెండంగుళాలు సరిపోయాయి. మూడో అంగుళం, షాకిళ్ళు ఇచ్చిన అంగుళం, పక్కన నిలబడ్డప్పుడు బండి బావుండడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. ముందు వైపు పొడుగు షాకిళ్ళు ముందు ఇరుసుని కూడా ఇలాగే తిప్పేశాయి. మలుపు తిరిగాక స్టీరింగు దానంతటది తిన్నబడకపోవడం అందువల్లే అని కూడా అప్పుడే తెలిసింది.

పాత షాకిళ్ళు బిగించాం. నిలువు భుజం 200, రెండు కీళ్ళ దగ్గరా పన్నెండున్నర డిగ్రీలు. కొత్త క్రాసులు రెండు, గ్రీజు, పెయింటు చుక్క. ఆ సాయంత్రమే హైవే మీద ఎనభై దాకా తీసుకెళ్ళాను. అద్దంలో లారీ ఒక్కటే ఉంది. తొంభైకి మాత్రం సన్నగా ఒక జీర వినిపించింది. నడుమ షాఫ్టు పన్నెండున్నర డిగ్రీల తడబాటు పడుతూనే ఉంది కదా, దాన్ని ఏ చీలికా తియ్యలేదు. జిప్సీలో తొంభైకి వెళ్ళే పని నాకెప్పుడూ రాలేదు.

పొడుగు షాకిళ్ళు ఎనిమిది ముక్కలూ ఇంటికి తెచ్చుకున్నాను. వాటిలో రెండు ఇప్పుడు మా వీధి గేటు గాలికి కొట్టుకోకుండా ఆపుతున్నాయి.